నాయన చొక్కా మీది నంబరు

మా కంపెనీ ప్రభుత్వానిది. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి వెళ్లే దారిలో ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూస్తే పొగగొట్టం ఒక్కటే కనిపిస్తుంది. పాత ఇనుము కరిగించి వీధుల్లో మురుగు గుంతల మీద వేసే గుండ్రటి మూతలు పోస్తాం. మన ఊళ్లలో అలాంటి గుంతకు మూత ఉంటే అదే విశేషం. మేం పోసిన మూతలు మాత్రం ఓడలెక్కి ఏదో చలిదేశానికి పోయి, అక్కడి వీధుల్లో ఒదిగి పడుకునేవి.

అందులో నేను ఆఫీసు మనిషిని. టైపు చేస్తాను, ఉత్తరాలు రాస్తాను. ఈ ఉద్యోగం నాకు నాయన చావుతో వచ్చింది. నాయన ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గర పర్మనెంట్ మనిషి. సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఇంట్లో పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. మిగిలినవాళ్లు తమకు అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాలి. మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్క పెద్దది, న్యాయంగా ముందు తనది. స్వీపరు పనో, అటెండరు పనో తనకూ వచ్చి ఉండేది. నేను డిగ్రీ చదివానని నాకు వదిలేసింది. ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టి, పెన్ను నా చేతికి ఇచ్చింది.

బావ, అంటే అక్క మొగుడు, అప్పటికే అదే ఫర్నేస్ దగ్గర కాంట్రాక్టరు కింద పని చేస్తున్నాడు. "నువ్వు పో పాపా. లోపల మన మనిషి ఒకరుంటే నాకూ ఎప్పుడో ఒకప్పుడు పర్మనెంట్ అయితాది" అన్నాడు. ఆ మాట ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనే రోజూ మోశాను.

పర్మనెంట్ మనిషికీ కాంట్రాక్ట్ మనిషికీ తేడా ఫర్నేస్ దగ్గర తెలియదు. ఇద్దరికీ వేడి ఒకటే. గేటు దగ్గర తెలుస్తుంది, కాంట్రాక్ట్ వాళ్లది వేరే గేటు. బట్టల్లో తెలుస్తుంది. పర్మనెంట్ వాళ్లకు నీలం చొక్కా, జేబు మీద దారంతో కుట్టిన నంబరు. కాంట్రాక్ట్ వాళ్లు ఇంటి నుంచి ఏది తొడుక్కొస్తే అదే. క్యాంటీన్లో మరీ తెలుస్తుంది. పర్మనెంట్ వాళ్లు లేచాకే కాంట్రాక్ట్ వాళ్లు కూర్చోవాలి. మధ్యాహ్నం నేను అటు పోతూ "తిన్నావా బావా?" అంటే, "యాడ తినేది! మీ దొరలు లేస్తే గదా. కడుపులో ఎలకలు పరిగెత్తతాండాయి" అని అందరికీ వినపడేలా అనేవాడు. నాకు సిగ్గేసేది, నవ్వూ వచ్చేది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. సొంతవాళ్ల దగ్గర ఆకలైతే ఆకలి అనే అంటాం. చుట్టం అడిగితే మాత్రం, పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించకపోయినా, తిన్నాం అనే అంటాం. బయటి మనిషి ముందు ఇంట్లో లేదని చెప్పడమంటే ఇంటిని బజారుకు ఈడ్చినట్టు. అమ్మ అలాగే పెంచింది, అక్కా నేనూ అలాగే పెరిగాం. బావ వాళ్లదీ అదే తీరు.

ఆ చలిదేశంలో కూడా మూతలు పోసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. మా మూతలు వాళ్ల మూతల కంటే చవక. ఒక ఏడాది వాళ్లంతా కలిసి వాళ్ల ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. ఇది మామూలు కంపెనీ కాదు, వెనక ప్రభుత్వం ఉంది, నష్టం వస్తే ఖజానా భరిస్తుంది, అందుకే ఇంత చవకగా అమ్మగలుగుతోంది అని. దేశాల మధ్య వ్యాపారానికి అందరూ ఒప్పుకున్న నియమాలు ఉన్నాయట. ఒక ప్రభుత్వం అండ ఇచ్చి సరుకును చవక చేసి పంపితే, దానివల్ల తన ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయని కొనే దేశం రుజువు చేయగలిగితే, అండ ఎంతో అంత అదనపు పన్ను వేసుకోవచ్చు. నియమం తప్పని నేననను. ఎవరి పొయ్యి వాళ్లు కాపాడుకుంటారు. కానీ నియమం రాసినవాళ్ల బుర్రలో కంపెనీ ఉంది, ప్రభుత్వం ఉంది. రెండింటి మధ్య కాంట్రాక్టరు కింద నిలబడి ఇనుము పోసే మనిషి ఉన్నట్టు లేడు.

ముందు ప్రశ్నల కట్ట ఒకటి వచ్చింది. మీ ధర ఎవరు పెడతారు? నష్టం ఎవరు భరిస్తారు? ఆర్డర్లు లేనప్పుడు కార్మికులకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది? జవాబులు ఆఫీసర్లు చెప్పారు, నేను టైపు చేశాను. మేం మార్కెట్ ప్రకారమే నడుస్తాం, ప్రభుత్వం మా రోజువారీ పనిలో వేలు పెట్టదు అని ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాశాం. కార్మికుల సంఖ్య దగ్గర మాత్రం మంజూరైన పోస్టుల సంఖ్య వేసేశారు. ఆ పోస్టుల్లో సగానికి పైగా మనుషులు రిటైరై వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఆ పనంతా బావలాంటివాళ్లు చేస్తున్నారు.

తర్వాత, జవాబులు నిజమో కాదో చూడటానికి ఆ దేశం నుంచి ఇద్దరు అధికారులు వస్తున్నారని తెలిసింది. అప్పుడు గుర్తొచ్చింది మావాళ్లకు, కాగితం మీద ఉన్నంతమంది నీలం చొక్కాలు ఫర్నేస్ దగ్గర కనిపించాలి కదా అని. స్టోర్లో అన్ని చొక్కాలు లేవు. ఇళ్లలో పాతవి ఉన్నవాళ్లు తెచ్చి కాంట్రాక్ట్ మనుషులకు తొడగండి అని నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఎవరూ రాయలేదు. ఇలాంటివి ఎవరూ రాయరు.

నాయన చొక్కా తిరుత్తణిలో మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. అడిగితే అమ్మ తీసి, ముఖానికి ఆనించుకుంది. "ఎవురికి?" అంది. బావకు అన్నాను. "తొడగనీ. మీ నాయన ఉండుంటే ఎప్పుడో పర్మనెంట్ చేపిచ్చుండు" అని ఇస్త్రీకి పంపింది. జేబు మీద 318 అని పసుపు దారంతో కుట్టి ఉంది. కొంచెం కూడా వెలిసిపోలేదు.

మరునాడు పొద్దున రైల్లో తీసుకుపోయి బావకు ఇచ్చాను. భుజాల దగ్గర బిగుతు. అయినా గుండీలన్నీ పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు.

"ఈ తెల్లోళ్లు యాడ నుంచి వస్తాండారు పాపా?"

"మన మూతలు తొక్కే ఊరి నుంచి."

"మరి కాళ్లకు బాగుండాయో లేదో అడుగు" అన్నాడు.

తనిఖీ జరిగిన మూడు రోజులూ ఆ చొక్కాతోనే తిరువాలంగాడులో తమ ఇంటికి పోయి వచ్చాడు. స్టేషన్ దగ్గర తెలిసినవాళ్లు పర్మనెంట్ అయ్యిందా అని అడిగారట. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు అని అక్క నాతో చెప్పి నవ్వింది. అప్పట్లో కొంతమంది కాంట్రాక్ట్ వాళ్లను పర్మనెంట్ చేస్తారని ఒక పుకారు తిరుగుతోంది. ఆ పుకారు ఏటా తిరిగేదే. ఆ ఏడాది బావ దాన్ని నమ్మాడు.

వచ్చిన ఇద్దరిలో ఒకాయన లెక్కల గదిలో కూర్చున్నాడు. వాళ్లు తెచ్చుకున్న దుబాసీ ఆయన దగ్గరే ఉన్నాడు. రెండో ఆమె నాకంటే చిన్నదిలా ఉంది. చివరి రోజు ఆమె ఫర్నేస్ చూస్తానని లేచింది. ఫైళ్లు పట్టుకుని నేను పక్కన నడిచాను. వెనక మేనేజరు.

మనుషుల మధ్యలో ఆమె బావ దగ్గరే ఆగింది. ఎందుకో తెలియదు. నిటారుగా నిలబడింది ఆయన ఒక్కడే, అందుకేమో. ఆయనతో మాట్లాడతాను, మీరు చెబుతారా అని నన్ను అడిగింది.

ఇక్కడ ఎన్నేళ్లుగా పని చేస్తున్నారు?

"పద్దెనిమిదేండ్లు." అది నిజం.

ఆర్డర్లు లేక ఫర్నేస్ ఆపితే మీకేమవుతుంది?

బావ నన్ను చూశాడు. నా వెనక ఉన్న మేనేజరును చూశాడు. ఆర్డర్లు లేకపోతే ఆయనకేమవుతుందో నాకు బాగా తెలుసు. రావద్దని కాంట్రాక్టరు ఫోన్ చేస్తాడు. అంతకు ముందు ఏడాదే వెంగల్ వైపు వరి కోతకు పోయి, నడుం పట్టేసి వచ్చాడు. కానీ ఎదురుగా ఉన్నది చుట్టం. సముద్రం దాటి వచ్చిన చుట్టం. పైగా మేనేజరు వింటున్నాడు.

"పని లేకపోయినా మా సర్కారు మమ్మల్ని ఇడిసిపెట్టదు. ఫర్నేస్ ఆరిపోయినా మా జీతం ఆగదు. కన్నబిడ్డల్ని చూసుకున్నట్టు చూసుకుంటాది అని చెప్పు పాపా."

చెప్పాను. చెప్పడమే కాదు, బాగా చెప్పాను. జవాబుల కట్ట మొత్తం టైపు చేసిన మనిషిని. ఆ మాట వాటికి అడ్డం వస్తుందని ఆ నిమిషంలో నా బుర్రకు తట్టలేదు. మా బావ ఇంటి పరువు నిలబెట్టాడని మాత్రమే తోచింది. కన్నబిడ్డలు అన్నచోట మంచి ఇంగ్లీషు మాట వెతికి మరీ పెట్టాను. ఆమె రాసుకుంది. ఆయన జేబు వైపు చూసి నంబరు కూడా రాసుకుంది. మీ ఇంగ్లీషు చాలా బాగుంది అని నాతో అంది. సాయంత్రం రైలెక్కేదాకా నాకు ఆ మెప్పే మనసులో ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేనేజరుకు తెలుగు సగమే అర్థమవుతుంది. పొగడ్త మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆమె ముందుకు వెళ్లాక బావ భుజం తట్టి పేరు అడిగాడు. ఆ రోజు గేటు బయట బావ నా కోసం కాచుకుని ఉన్నాడు.

"నా పేరు అడిగినాడు పాపా! సారే అడిగినాడు!"

కొన్ని నెలలకు రిపోర్టు వచ్చింది. అది రహస్యం కాదు, ఎవరైనా చదవొచ్చు. ప్రింటు తీయమంటే తీస్తూ నేనూ చదివాను. మధ్యలో ఒక పేజీలో ఆ మాట ఉంది. 318 నంబరు గల ఫర్నేస్ ఉద్యోగి తనిఖీ అధికారితో మాట్లాడుతూ, ఉత్పత్తి ఆగినా ప్రభుత్వం వేతనాలు ఆపదని, తమను కన్నబిడ్డల్లా చూసుకుంటుందని తెలిపాడు. కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులకు ఇది విరుద్ధంగా ఉంది. నేను వెతికి పెట్టిన ఇంగ్లీషు మాట అలాగే, కొటేషన్ గుర్తుల మధ్య ఉంది.

ఆ ఒక్క మాట వల్లే పన్ను పడిందని నేననను. మా లెక్కల్లో కూడా వాళ్లకు కావలసింది చాలానే దొరికింది. కానీ ఆ పేజీ చేతిలో పట్టుకుని ప్రింటరు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పన్ను పడింది. ఓడలెక్కే మూతలు ఆగిపోయాయి. వారానికి ఆరు రోజులు మండే ఫర్నేస్ రెండు రోజులకు వచ్చింది. కాంట్రాక్ట్ మనుషుల్ని రావద్దన్నారు. మొదటి జాబితాలోనే బావ పేరుంది. పర్మనెంట్ వాళ్లలో ఒక్కరికీ నోటీసు రాలేదు. నా జీతం ఏ నెలా ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. బావ ఆ రోజు చెప్పిన మాటలో అబద్ధం లేదు, ఆయన విషయంలో తప్ప.

దాచుకోలేక ఒక ఆదివారం వాళ్లింటికి పోయి ఆ పేజీ చదివి, తెలుగులో చెప్పాను. తిడతాడనుకున్నాను, నన్నో, తననో. బావ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఉద్యోగి అని రాసినారా?"

"ఊఁ."

"ఇంకోసారి సదువు."

మూడుసార్లు చదివించుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఏ కాగితం మీదా ఆయన ఆ కంపెనీ మనిషి అని లేదు. హాజరు కాంట్రాక్టరు నోటుబుక్కులో ఉండేది. గేటు పాసు మీద కాంట్రాక్టరు పేరే. ఆయన్ని ఫర్నేస్ ఉద్యోగి అన్నది ప్రపంచంలో ఆ ఒక్క కాగితం. అది ఆయన పని పోగొట్టిన కాగితమే. దాన్నే జిరాక్స్ తీయించి, తిరువళ్లూరులో ఒకరి చేత అర్జీ రాయించి, లేబర్ ఆఫీసులో ఇచ్చాడు. ఇన్నేళ్లు కంపెనీ పనే చేశాను, నన్ను పర్మనెంట్ మనిషిగా గుర్తించి తిరిగి తీసుకోవాలి అని. ఆ మాట తర్జుమా చేసిన మనిషి సాక్షి అని రాయించాడు. అంటే నేను.

"చెప్తావు గదా?" అంది అక్క.

"చెప్తాను" అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను.

విచారణకు ముందు మేనేజరు పిలిచాడు. కూర్చోమన్నాడు, ఎప్పుడూ అనడు. తమిళంలో నెమ్మదిగా చెప్పాడు. 318 మీ నాన్నగారి నంబరు అని రికార్డులో ఉందమ్మా. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. విదేశీయులు నంబరు తప్పు రాసుకున్నారని మేం చెబుతాం. కాదు, ఎవరో చనిపోయిన మనిషి చొక్కా తెచ్చి ఇంకొకరికి తొడిగి అధికారుల్ని మోసం చేశారని ఎవరైనా అంటే, తెచ్చిందెవరో విచారించాల్సి వస్తుంది. నీది కారుణ్యం కింద ఇచ్చిన ఉద్యోగం కదా అన్నాడు. తెమ్మన్నది మీరే కదా సార్ అని నేను అడగొచ్చు. అడగలేదు. కాగితం ఏదీ అన్నా అంటాడు.

నాకు సాకులు ఉన్నాయి. అమ్మ ఉంది, అమ్మ మందులున్నాయి, ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు. వాటిని ఇక్కడ పరచను. బావకు కూడా అన్నీ ఉన్నాయి.

లేబర్ ఆఫీసు గదిలో ఫ్యాను కింద నలుగురం కూర్చున్నాం. ఆఫీసరు, కంపెనీ తరపు మనిషి, బావ, నేను. బావ తెల్ల చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. ఒళ్లో ఒక సంచి ఉంది. అందులో నాయన చొక్కా మడత పెట్టి ఉందని నాకు తెలుసు, అడిగితే చూపిద్దామని తెచ్చుకున్నాడు. నేను లోపలికి రాగానే, బడిలో పద్యం అప్పజెప్పబోయే పిల్లకు ధైర్యం చెప్పినట్టు తల ఊపాడు.

ఈ మాట తర్జుమా చేసింది మీరేనా అని ఆఫీసరు అడిగాడు. అవునన్నాను.

318 ఎవరి నంబరు?

మా నాన్నగారిది.

ఆయన ఉన్నారా?

లేరు. ఆ తనిఖీకి చాలా ఏళ్ల ముందే పోయారు.

మరి ఆ రోజు మీతో మాట్లాడిన మనిషి ఎవరు?

బావ ముఖం వైపు చూడకుండా ఉండటానికి ఆఫీసరు బల్ల మీది గాజు బిళ్లను చూశాను. చాలామంది ఉన్నారు సార్, గుర్తు లేదు అన్నాను. ఆయన రాసుకుని కాగితం నా వైపు తిప్పాడు. పైనుంచి కిందికి ప్రతి అక్షరం చదివి, సంతకం పెట్టాను.

బావ సంచి తెరవలేదు. అర్జీకి ఆధారం లేదని తరువాత ఉత్తరం వస్తుందని ఆ గదిలో అందరికీ అప్పుడే తెలిసిపోయింది.

బయట మెట్ల దగ్గర ఆయన కోసం ఆగాను. తిడితే పడదామని ఆగాను. అరుస్తాడనీ, అక్కకు ఏం చెప్పాలని అడుగుతాడనీ అనుకున్నాను. ఆయన వచ్చి, సంచి నా చేతిలో పెట్టాడు.

"మీ నాయనది. అమ్మకు ఇచ్చెయ్" అన్నాడు.

అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున ఏడు గంటల రైలుకు వచ్చిన మనిషి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "తిన్నావా బావా?" అన్నాను.

"తిన్నానమ్మా" అన్నాడు. "మీరు తిన్నారా?"